మెగాఫోను పట్టిన మిస్సమ్మ

సావిత్రి అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? 'మాయాబజార్'లో శశిరేఖ గుర్తొస్తుంది. 'దేవదాసు'లో పార్వతి గుర్తొస్తుంది. 'మిస్సమ్మ'లో ముక్కుమీద కోపం ఉన్న మేరీ గుర్తొస్తుంది. ఆ వెంటనే ఆమె ఆఖరి రోజులు గుర్తొస్తాయి. అయ్యో పాపం, ఎంతటి మనిషి ఎలా అయిపోయిందీ అని ఓ నిట్టూర్పు విడుస్తాం. అంతటితో ఆమె కథ ముగించేసి ఎవరి పనిలో వాళ్ళం పడిపోతాం.

నాకు మాత్రం ఈ రెంటికీ మధ్యలో ఉన్న సావిత్రి అంటే ఎక్కువ ఇష్టం. 1968లో మెగాఫోను చేతబట్టి, చుట్టూ తనలాంటి ఆడవాళ్ళను నిలబెట్టుకుని సినిమా తీసిన సావిత్రి ఆమె. ఆ సావిత్రి గురించి మనం అంతగా మాట్లాడుకోం. ఎందుకని?

మాది పాల్వంచ. 1966లో ఇక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ నడవడం మొదలయ్యాక ఎక్కడెక్కడి వాళ్ళో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డారు. గుంటూరు వాళ్ళు, కృష్ణా వాళ్ళు, వరంగల్లు వాళ్ళు... కాలనీలో అన్ని యాసలూ వినిపించేవి. యాసలు వేరైనా ఆడవాళ్ళందరికీ ఉమ్మడి చుట్టం మాత్రం సావిత్రే! మధ్యాహ్నం పూట నలుగురు చేరితే ఆవిడ కథ రావాల్సిందే. కథ అయ్యాక ఎవరో ఒకరు చివర్లో ఓ నీతి తగిలించేవారు. ఆడది చక్కగా చేస్తున్న పనేదో చేసుకోక సొంతంగా పెత్తనానికి దిగితే గతి అంతేనని. ఈ నీతి నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆమె జీవితాన్ని మొదట్నుంచీ చూస్తే మీకూ మింగుడు పడదు.

చిర్రావూరు చిన్నది

గుంటూరు జిల్లా తాడేపల్లి దగ్గర చిర్రావూరు అని ఓ పల్లె. సావిత్రి అక్కడే పుట్టింది. పసిగుడ్డుగా ఉండగానే తండ్రి గురవయ్య పోయాడు. తల్లి సుభద్రమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని విజయవాడలో ఉన్న అక్క దుర్గాంబ ఇంటికి చేరింది. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్యే ఆ పిల్లకు తండ్రి అయ్యాడు. డాన్సు నేర్పించాడు, నాటకాలు వేయించాడు, ఊరూరా తిప్పాడు. కాకినాడలో నాటక పోటీలు జరిగితే హిందీ నటుడు పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకుంది. అప్పటికి ఇంకా చిన్నపిల్లే!

ఆ ఉత్సాహంతోనే పెదనాన్న ఆమెను మద్రాసు తీసుకెళ్ళాడు. అప్పటి మద్రాసు ఎలా ఉండేదో కాస్త చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో, జపాను వాళ్ళు బాంబులు వేస్తారన్న భయంతో జనం ఆ ఊరు విడిచి పల్లెలకు పారిపోయారు. ముడి ఫిల్ము దొరకడం కష్టమైంది. సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అంటే అటూ ఇటూగా రెండు గంటలు. యుద్ధం ముగిశాక ఆ కట్లన్నీ తెగాయి. కోడంబాకం, వడపళని వైపు స్టూడియోలు కళకళలాడాయి. తెలుగు, తమిళం వాళ్ళు పక్కపక్క ఫ్లోర్లలో పని చేసేవారు. ఎవరి చేతిలో కొత్త ఆలోచన ఉంటే వాళ్ళు దాన్ని తెరమీద పెట్టి చూసుకోవచ్చు అన్నంత ఊపు ఉండేది.

అలా పెట్టి చూసినవాళ్ళలో ఓ ఆడమనిషి కూడా ఉంది. భానుమతి గారు! భర్త రామకృష్ణ గారితో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టి, 1953లో 'చండీరాణి'కి తనే దర్శకత్వం వహించింది. అదీ ఒక భాషలో కాదు. తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తీసింది. పైగా అందులో రెండు వేషాలు వేసింది. సావిత్రి మద్రాసులో నిలదొక్కుకుంటున్న రోజులవి. కళ్ళెదుట ఓ తెలుగు ఆడపడుచు కెమెరా వెనక నిలబడి నలుగురి చేత పని చేయించడం చూస్తూ పెరిగిందన్నమాట.

తీసేస్తే తిరిగొచ్చింది

సావిత్రికి మద్రాసు మొదట్లో హారతేమీ పట్టలేదు. 'సంసారం' (1950)లో మంచి వేషానికి తీసుకున్నారు. తీరా కెమెరా ముందు నాగేశ్వరరావు గారిని చూసేసరికి పిల్ల బెదిరిపోయింది. వేషం పోయింది. చివరికి అదే సినిమాలో చిన్న పాత్రతో సరిపెట్టుకుంది. మరొకరైతే రైలెక్కి ఇంటికి వచ్చేసేవారే! ఆమె రాలేదు. 'పాతాళభైరవి' (1951)లో ఓ డాన్సుతో కనిపించింది. 'పెళ్ళి చేసి చూడు' (1952)లో కాస్త పెద్ద పాత్ర దొరికింది. 1953లో 'దేవదాసు' వచ్చింది. ఏ నాగేశ్వరరావు గారిని చూసి బెదిరిందో, ఆయన పక్కనే పార్వతిగా నిలబడి ఊళ్ళకు ఊళ్ళనే ఏడిపించింది.

'మిస్సమ్మ' (1955) కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముందు మేరీ పాత్ర భానుమతి గారిది. నిర్మాత చక్రపాణి గారితో మాట తేడా వచ్చి ఆమె తప్పుకుంది. అప్పటిదాకా రెండో పాత్రకు అనుకున్న సావిత్రిని మేరీని చేశారు. 'మాయాబజార్' (1957) అయితే ఇక చెప్పక్కర్లేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చే ఘట్టం గుర్తుచేసుకోండి. ఒంటి మీద పట్టుపరికిణీ, నడకలోనూ చూపులోనూ ఎస్.వి. రంగారావు! ఆడపిల్లలో మగరాక్షసుణ్ణి చూపించిందంటే అది వేషం మాత్రమే కాదు, ఎదుటి నటుణ్ణి చదివిన చదువు. ఆ కన్ను అప్పటికే దర్శకురాలి కన్ను అని నాకనిపిస్తుంది.

'చివరకు మిగిలేది' (1960)లో మనోరోగుల ఆసుపత్రిలో నర్సుగా చేసింది. 'మూగమనసులు' (1964)లో పడవవాడి అమ్మాయిగారిగా చేసింది. మనకు భద్రాచలంలో కనిపించే గోదావరే ఇంకాస్త కిందికి దిగి ఆ సినిమాలో ఓ పాత్ర అయిపోయింది. మా వైపు పెద్దవాళ్ళు ఆ సినిమా గురించి సొంత ఊరి కథలా చెప్పుకునేవారు.

ఇంటి సంగతి వేరే. 1952లోనే జెమినీ గణేశన్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయనకు అప్పటికే పెళ్ళయింది. ఆ పెళ్ళి సంగతి కొన్నాళ్ళు దాచాల్సి వచ్చింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. తెరమీద రాణిలా వెలిగిన మనిషి ఇంట్లో తన స్థానం కోసం జీవితమంతా వెతుక్కుంటూనే ఉంది.

ఇచ్చే చెయ్యి కూడా పెద్దదే. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారిని కలిసి, ఒంటిమీది నగలు దేశ రక్షణ నిధికి ఇచ్చేసింది.

చుట్టూ ఆడవాళ్ళే!

1968 నాటికి ఆమె ముప్పై దాటింది. కొత్త హీరోయిన్లు వచ్చేశారు. ఒళ్ళు కూడా చేసింది. ఆ వయసులో హీరోయిన్‌కు రెండే దారులు. వదిన, తల్లి వేషాలకు ఒప్పుకోవడం, లేదా ఇంట్లో కూర్చోవడం. మూడో దారి ఒకటుందని సావిత్రి చూపించింది.

వీరమాచనేని సరోజిని గారు నిర్మాత. కథా ఆవిడదే. సినిమా పేరు 'చిన్నారి పాపలు'. దర్శకురాలు సావిత్రి. సంగీతం పి. లీల. అవునండీ, 'మిస్సమ్మ'లో సావిత్రికి పాటలు పాడిన లీలే! ఎన్నో ఏళ్ళు మైకు ముందు నిలబడి మరొకరు కట్టిన బాణీలు పాడిన ఆమె, ఈసారి తనే బాణీలు కట్టింది. నృత్యాలు రాజసులోచన చూసుకుంది. కళ మోహన చూసుకుంది. జగ్గయ్య, జమున, షావుకారు జానకి నటించారు. 1968 జూన్‌లో సినిమా విడుదలైంది.

ఇందులో వింతేముంది అనుకోకండి. అప్పట్లో స్టూడియోలోకి అడుగుపెట్టే ఆడవాళ్ళు ఎవరు? తెరమీద కనిపించే నటి, తెరవెనక పాడే గాయని, జడలు వేసే మనిషి, గ్రూప్ డాన్సర్లు. నిర్ణయం చేసే కుర్చీలన్నీ మగవాళ్ళవి. కథ ఏమిటి, సెట్టు ఎలా ఉండాలి, అడుగు ఎటు పడాలి, ఏ రాగం కట్టాలి, ఎంత ఖర్చు పెట్టాలి... ఇవన్నీ ఒకే సినిమాకు ఆడవాళ్ళు కూర్చుని తేల్చుకోవడం మన దగ్గర అంతకుముందు ఎరగని సంగతి. కెమెరా మాత్రం మగవాళ్ళే పట్టారు. ఆ రోజుల్లో కెమెరా పట్టే ఆడమనిషి దొరకడం గగనం. అదే మద్రాసులో బి.ఆర్. విజయలక్ష్మి పూర్తిస్థాయి కెమెరా బాధ్యత తీసుకుని తమిళ 'చిన్న వీడు' చేసింది 1985లో. అంటే సావిత్రి ఎన్నేళ్ళు ముందు ఆలోచించిందో లెక్క వేసుకోండి.

ప్రయోగం అంటే చాలామందికి అర్థంకాని సినిమా అని ఓ అభిప్రాయం ఉంది. అలాంటివీ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో మాయా డెరెన్ అనే ఆవిడ చిన్న 16 ఎం.ఎం. కెమెరాతో, కలల్లాంటి పొట్టి సినిమాలు తీసింది. వాటిని ఎవరూ ఆడించకపోతే 1946లో తనే ఓ థియేటరు అద్దెకు తీసుకుని చూపించింది. అదొక ధైర్యం. మన సావిత్రి ధైర్యం ఇంకో రకం. చూడ్డానికి ఆమె సినిమా మామూలు కుటుంబ కథే. ఆమె ప్రయోగం తెరమీద కాదు, తెర వెనక జరిగింది. ఆడవాళ్ళ చేతికి పని అప్పగిస్తే సినిమా తయారవుతుందా లేదా అన్నదే ఆ ప్రయోగం. తయారయింది. థియేటర్లకు వచ్చింది. జనం చూశారు.

ఆమె అక్కడితో ఆగలేదు. అదే కథను 1969లో తనే నిర్మాతగా 'కుళందై ఉళ్ళం' పేరుతో తమిళంలో తీసింది. అదే ఏడాది తెలుగులో 'చిరంజీవి', 'మాతృదేవత' చేసింది. 'మాతృదేవత'లో హీరో ఎన్.టి. రామారావు గారు. అంతటి నటుడు ఆమె దర్శకత్వంలో పని చేశారన్నమాట! 1971లో 'వింత సంసారం', తమిళ 'ప్రాప్తం'. మొత్తం ఆరు సినిమాలు. నాలుగేళ్ళలో ఆరు సినిమాలకు దర్శకత్వం వహించిన మనిషిని సరదాకి మెగాఫోను పట్టిందని ఎలా అంటాం?

చెయ్యి కాలింది ఎక్కడ?

'ప్రాప్తం' మన 'మూగమనసులు' కథే. శివాజీ గణేశన్ హీరో. సావిత్రే హీరోయిను, దర్శకురాలు, నిర్మాత. ఆ సినిమా పోయింది. ఆమె ఆస్తిని కూడా పట్టుకుపోయింది.

సినిమా లెక్క ఎలా ఉంటుందో తెలిస్తే సంగతి అర్థమవుతుంది. నటిగా ఉన్నప్పుడు పారితోషికం చేతికొస్తుంది. సినిమా ఆడినా ఆడకపోయినా ఆ డబ్బు ఆమెదే. నిర్మాత అయితే అంతా తిరగబడుతుంది. స్టూడియో అద్దె, ముడి ఫిల్ము, నటుల అడ్వాన్సులు అన్నీ ముందే కట్టాలి. ఆంధ్ర, సీడెడ్, నైజాం అంటూ ఏరియాల వారీగా డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చేది కొంతే. మిగతాదానికి ఫైనాన్సియరు దగ్గరికి వెళ్ళాలి. షూటింగు ఒక్కో నెల ఆలస్యమయ్యేకొద్దీ వడ్డీ పెరుగుతూ పోతుంది. సినిమా పోతే అందరి బాకీలూ నిర్మాత గుమ్మం ముందు నిలబడతాయి.

సావిత్రికి అదే జరిగింది. దానికి తోడు ఆదాయపు పన్ను బకాయిలు మీద పడ్డాయి. భర్తతో దూరం పెరిగింది. నమ్మినవాళ్ళకు లెక్కాపత్రం చూడకుండా డబ్బు అప్పగించే అలవాటు ఉండేది. మందు అలవాటయింది. షుగరు వ్యాధి ఉంది. మద్రాసులో ఎంతో ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు చేజారింది. అయినా పని మానలేదు. 'గోరింటాకు' (1979)లో తల్లి వేషం చూశారుగా! 1980 మే నెలలో బెంగుళూరులో కోమాలోకి వెళ్ళింది. పందొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న వెళ్ళిపోయింది. నలభైల్లోనే!

ఇప్పుడు చెప్పండి. ఆమెను ముంచింది దర్శకత్వమా? అప్పుల కాగితాల మీద సంతకాలా? లెక్కలు చూసిపెట్టే నమ్మకమైన మనిషి లేకపోవడమా? ఇంట్లో దొరకని ఆసరానా? ఇవన్నీ కలిస్తే ఆ గతి పట్టింది. మనం మాత్రం అన్నిటినీ వదిలేసి మెగాఫోను మీద నేరం మోపాం.

మరో సంగతి. ఆదుర్తి సుబ్బారావు గారు, నాగేశ్వరరావు గారు కలిసి 1967లో యువతలో పెరుగుతున్న నేర స్వభావం మీద 'సుడిగుండాలు' తీశారు. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు వచ్చింది. డబ్బులు మాత్రం రాలేదు. అయినా మళ్ళీ 'మరో ప్రపంచం' (1970) తీశారు. ఇవాళ్టికీ వాటిని సాహసాలని, ప్రయోగాలని గౌరవంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. మరి అదే కాలంలో, అదే ఊళ్ళో సావిత్రి చేసిన పనిని చేతులు కాల్చుకోవడం అని ఎందుకంటాం? మగవాడు డబ్బు పోగొట్టుకుంటే ప్రయోగం, ఆడది పోగొట్టుకుంటే తెలివితక్కువతనమా? ఇదెక్కడి లెక్క?

మన వంటింటి దాకా

ఇదంతా సినిమా వాళ్ళ సంగతి, మనకెందుకు అంటారేమో. మనకే కావాలి! మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు కలిసి పిండివంటల పని మొదలుపెడదామనుకున్నారు. అరిసెలు, సకినాలు, జంతికలు. పెద్ద మూకుళ్ళకు, గ్యాసు పొయ్యిలకు బ్యాంకు అప్పు తీసుకోవాలి. కాగితాల మీద వాళ్ళే సంతకం పెట్టాలి. ఆ మాట ఇంట్లో చెప్పగానే ఓ పెద్దావిడ సావిత్రి కథ ఎత్తుకుంది! చిరంజీవి సుఖాన ఉండక ఎందుకమ్మా ఈ తంటా అని. ఆ అమ్మాయిల మొహాలు వాడిపోయాయి.

సావిత్రి నుంచి నేర్చుకోవాల్సింది వెనక్కి తగ్గడం కాదని నేను వాళ్ళకు చెప్పాను. ఓ లాంగు నోటుబుక్కు కొన్నాం. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. ఏ రోజు లెక్క ఆ రోజే రాయాలి. నలుగురూ చదవకుండా ఏ కాగితం మీదా ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టకూడదు. ఇంటి పత్రాల జోలికి అసలు పోకూడదు. అప్పు ఎంతవరకు తియ్యాలో ముందే గీత గీసుకున్నారు. నాలుగేళ్ళయింది. లాభాలు కుప్పలు తెప్పలుగా లేవు గానీ బ్యాంకు వాయిదా ఒక్కటీ తప్పలేదు. శ్రీరామనవమికి భద్రాచలం కల్యాణానికి చుట్టాలు దిగినప్పుడు వాళ్ళకు చేతినిండా ఆర్డర్లు.

సావిత్రి తర్వాత దారి మూసుకుపోలేదు. విజయనిర్మల గారు 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ను సినిమాగా తీసింది. నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. 2011లో మన తపాలా శాఖ సావిత్రి బొమ్మతో స్టాంపు వేసింది. 2018లో ఆమె జీవితమే 'మహానటి'గా వచ్చింది. సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్‌కు జాతీయ అవార్డు దక్కింది. ఆ సినిమాను నిర్మించింది ఎవరనుకున్నారు? స్వప్న, ప్రియాంక అనే అక్కచెల్లెళ్ళు! సినిమా నిర్మాణం ఆడవాళ్ళ వల్ల కాదని ఇప్పుడెవరైనా అంటే ఎంత నవ్వొస్తుందో కదా! 1968లో అదే మాట అంటే ఎవరికీ నవ్వు రాలేదు. అలాంటి రోజుల్లో సావిత్రి ఆ కుర్చీలో కూర్చుంది.

ఈసారి మీ ఇంట్లో పిల్లలకు సావిత్రి గురించి చెప్పేటప్పుడు శశిరేఖతో మొదలుపెట్టండి, కాదనను. ఆఖరి రోజుల గురించీ దాచొద్దు. మధ్యలో మాత్రం 'చిన్నారి పాపలు' పేరు చెప్పడం మరిచిపోకండి. నిర్మాత సరోజిని, సంగీతం లీల, నృత్యం రాజసులోచన, కళ మోహన, దర్శకత్వం సావిత్రి అని ఆ పేర్లన్నీ వరసగా చదివి వినిపించండి. ఆడపిల్లలున్న ఇల్లయితే రెండుసార్లు చదవండి.